పడేదెవరు, నవ్వేదెవరు? మూకీ హాస్యంలో దేహం, ఆకలి, రంగు

ఆ మధ్య ఒక హాస్టల్లో గోడకి దుప్పటి కట్టి చార్లీ చాప్లిన్ 'ది గోల్డ్ రష్' వేశాం. 1925 నాటి సినిమా. మాటల్లేవు. మధ్యమధ్య తెరమీదికొచ్చే ఇంగ్లీషు వాక్యాలు చదివి చెప్దామని నేను పక్కన నిలబడ్డాను. పది నిమిషాలయ్యేసరికి నా అవసరం ఎవరికీ లేదని అర్థమై నేనూ పోయి పిల్లల మధ్య కూర్చున్నాను. మంచులో చిక్కుకుపోయిన చార్లీ ఆకలికి తాళలేక తన బూటునే ఉడకబెట్టి తినే ఘట్టం రాగానే గదంతా నవ్వులతో ఊగిపోయింది. నా పక్కనున్న పిల్లాడు నవ్వుతూనే ఒక మాటన్నాడు. "కరెక్టుగా విప్పాడు సార్. మా నాయన కూడా పైతోలు ఊడదీసినాకనే మేకుల జోలికి పోతాడు." వాళ్ళ నాయన చెప్పులు కుట్టే మనిషి.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆ దృశ్యం గురించి నేను చదివిన వ్యాసాలు తక్కువేం కాదు. బూటు లేసుల్ని సేమ్యాలాగా చుట్టుకు తినడం, మేకుల్ని ఎముకల్లాగా చప్పరించడం గురించి అందరూ రాశారు. తోలు విప్పే చేతిపనిని చూసినవాడు మాత్రం నాకెక్కడా కనిపించలేదు. ఈ పిల్లాడు చూశాడు. ఎందుకు చూశాడంటే ఆ పని వాళ్ళింట్లోది.

మూకీ హాస్యం గురించి ఎవరు రాసినా ఒక మాట తప్పకుండా వస్తుంది. అది విశ్వజనీనం అంటారు. మాట లేదు కాబట్టి భాష అడ్డం రాదు, శరీరం అందరికీ ఒకటే కాబట్టి అందరూ నవ్వుతారు అని వాదన. ఇందులో సగం నిజముంది. రెండో సగాన్ని మాత్రం మనం ఒప్పుకోలేం. శరీరం అందరికీ ఒకటేనా? ఎవరి ఒళ్ళు ఎక్కడిదాకా రావచ్చో, ఎవరు ఎవరి పక్కన కూర్చోవచ్చో ముందే తేల్చిపెట్టిన సమాజంలో బతుకుతూ ఈ మాటని అంత తేలిగ్గా ఎట్లా అంటాం? వందేళ్ళు దాటినా ఈ సినిమాలు మనల్ని ఎందుకు నవ్విస్తున్నాయో, ఎక్కడ నవ్వు గొంతులో ఆగిపోతుందో రెండూ కలిపి మాట్లాడుకోవాలి.

ముందు దీని పుట్టుక చూద్దాం. ఇంగ్లీషులో ఈ హాస్యాన్ని స్లాప్‌స్టిక్ అంటారు. అది ఒక పనిముట్టు పేరు. ఇటలీలో వీధుల్లోనూ సంతల్లోనూ ఆడిన పాత నాటకాల్లో రెండు చెక్కపేళ్ళని ఒకచోట కట్టి దాంతో కొట్టుకునేవాళ్ళు. చప్పుడు పెద్దది, దెబ్బ చిన్నది. ఈ హాస్యం సూత్రమంతా ఇందులోనే ఉంది. దెబ్బ తగిలినట్టు చూసేవాడికి తెలియాలి, తగిలించుకున్నవాడు లేచి నిలబడాలి. లేవకపోతే అది హాస్యం కాదు, హత్య.

ఇంగ్లండులో మ్యూజిక్ హాల్, అమెరికాలో వాడ్‌విల్ అనే పేర్లతో ఈ ఆట పనివాళ్ళ వినోదంగా నడిచింది. అక్కణ్ణించే సినిమాలోకి వచ్చింది. అమెరికాలో 1905 తర్వాత ఊరూరా వెలిసిన చిన్న సినిమా కొట్లలో అయిదు సెంట్ల నాణెం ఇస్తే ఆట చూడొచ్చు. చూసినవాళ్ళలో కార్ఖానా పనివాళ్ళు, ఓడల్లో వలస వచ్చి ఇంకా ఇంగ్లీషు పలకడం రాని యూదులు, ఇటాలియన్లు చాలామంది. వాళ్ళకి కావలసిన నాయకుడు మాటకారి కాదు. పోలీసు తరిమితే సందు వెతుక్కోగలిగినవాడు.

చాప్లిన్ ఆ సందుల్ని ఎక్కడా చదివి నేర్చుకోలేదు. 1889లో లండన్‌లో పుట్టాడు. తల్లి హానా పాటలు పాడి పొట్టపోసుకునేది. ఆమెకి గొంతు పోయింది, తర్వాత మతిస్థిమితం పోయింది. 1896లో ఏడేళ్ళ పిల్లాడిగా చాప్లిన్ వర్క్‌హౌస్‌లోకి పోయాడు. అంటే దిక్కులేని బీదవాళ్ళని పెట్టే ప్రభుత్వ గూడు. తర్వాత ఫ్రెడ్ కార్నో నాటక బృందంలో చేరాడు. ఆ బృందంతోనే అమెరికా పోయి 1914లో మాక్ సెనెట్ నడిపిన కీస్టోన్ కంపెనీలో సినిమాల్లోకి వచ్చాడు. బిగుతు కోటు, వదులు ప్యాంటు, పెద్ద బూట్లు, బెత్తం, గుండ్రటి టోపీ ఉన్న ఆ దేశదిమ్మరి వేషం ఆ ఏడాదే జనం ముందుకొచ్చింది. ఆ వేషంలో ఒక్కటీ కొలతకి సరిపోదు. అన్నీ ఎవరో విడిచినవే అన్నట్టుంటాయి. విడిచిన బట్టలు కట్టుకున్నవాళ్ళకి ఆ వేషం వివరించి చెప్పక్కర్లేదు.

1917లో తీసిన 'ది ఇమిగ్రెంట్' చూడండి. ఓడ న్యూయార్కు చేరుతుంది. స్వేచ్ఛా ప్రతిమ కనిపిస్తుంది. వలసవాళ్ళంతా ఆశగా చూస్తుంటారు. ఆ వెంటనే అధికారులొచ్చి వాళ్ళని పశువుల్ని మందకట్టినట్టు తాడుతో ఒకపక్కకి నెడతారు. చార్లీ ప్రతిమ వంక మళ్ళీ ఒకసారి చూస్తాడు. కాసేపటికి అదను చూసి అధికారిని వెనకనుంచి ఒక్క తన్ను తంతాడు. రాజకీయ ఉపన్యాసం ఒక్క ముక్క లేదు. బొమ్మ, తాడు, తన్ను. మూడింటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టాడు, అంతే. చూసినవాడికి అర్థం కావాల్సింది అర్థమవుతుంది. 1952లో అమెరికా ప్రభుత్వం ఇదే చాప్లిన్ దేశం దాటిన సమయం చూసి తిరిగి రావడానికిచ్చిన అనుమతిని రద్దు చేసింది. మళ్ళీ ఆయన ఆ దేశంలో అడుగుపెట్టింది 1972లో, గౌరవ ఆస్కార్ అందుకోవడానికి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాచక్కర్లేదు. 1916 నాటికే చాప్లిన్ జీతం వారానికి 10,000 డాలర్లు. తెరమీద దిమ్మరి, బయట కోటీశ్వరుడు. బీదవాడి బతుకు అమ్మి ధనవంతుడయ్యాడనేవాళ్ళు ఉంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయినా తెరమీద ఆ దేహం చేసే పనిని ఆ డబ్బు అబద్ధం చెయ్యలేకపోయింది. ఆకలి తెలిసిన ఒళ్ళు ఎట్లా కదులుతుందో ఆ కదలికలోనే ఉంది. అందుకే బూటు తినేటప్పుడు కూడా అతను ఆబగా తినడు. విందుకి కూర్చున్న పెద్దమనిషిలాగా మర్యాదలన్నీ పాటిస్తాడు. ఆకలిగొన్నవాడికి మర్యాద తెలియదనే కడుపునిండినవాడి నమ్మకం మీద పడిన దెబ్బ అది. చప్పుడు వినిపించని దెబ్బ.

శ్రమ సంగతికొద్దాం. 1922 నాటి 'పే డే'లో చార్లీ తాపీపని దగ్గర కూలీ. కిందినుంచి విసిరే ఇటుకల్ని చేతుల్తో, కాళ్ళతో, వెనక్కి తిరిగి కూడా పట్టి పేరుస్తాడు. అది ఫిలింని వెనక్కి తిప్పి చేసిన కనికట్టు. తెలిసినా నవ్వు తగ్గదు. ఎందుకంటే పనిలో ఉండే లయ మాత్రం కనికట్టు కాదు. ఇటుకలు అందించే పనివాళ్ళని దగ్గరగా చూసినవాళ్ళకి ఆ లయ తెలుసు. ఆఖర్న కూలి డబ్బులు లెక్కపెట్టుకోవడం, అవి ఇంటికి పోయేలోపు కరిగిపోవడం కూడా తెలుసు.

1936లో వచ్చిన 'మోడరన్ టైమ్స్'కి ఈ లయే కథావస్తువు. అప్పటికి మాటల సినిమాలొచ్చి దాదాపు పదేళ్ళవుతోంది. అయినా చాప్లిన్ దిమ్మరి చేత మాట్లాడించలేదు. ఆఖర్లో పాడిన పాట కూడా ఏ భాషకీ చెందని శబ్దాలే. సినిమాలో మాట్లాడేది యజమాని. అదీ తెరలోంచి, యంత్రంలోంచి. కూలీ మరుగుదొడ్లో సిగరెట్టు ముట్టించుకున్నా గోడమీద యజమాని ముఖం ప్రత్యక్షమై పనిలోకి పొమ్మంటుంది. బోల్టులు బిగించీ బిగించీ చార్లీ చేతులు పని ఆగినా ఆగవు. తిండికి పోయే టైము మిగిల్చేందుకు తిండి పెట్టే యంత్రం తెస్తారు. అది చెడిపోయి మొక్కజొన్న కంకిని అతని మూతి మీద గిర్రున తిప్పుతుంది.

ఇక్కడ ఫ్రెంచి తత్వవేత్త హెన్రీ బెర్గ్‌సన్‌ని తలుచుకోవాలి. ఆయన 1900లో నవ్వు మీద ఒక పుస్తకం వేశాడు. మనిషి మనిషిలా మెత్తగా మసలకుండా యంత్రంలాగా బిగుసుకుపోతే మనకి నవ్వొస్తుందంటాడు. అట్లా బిగుసుకున్నవాణ్ణి సమాజం నవ్వుతో సరిచేస్తుందంటాడు. నవ్వాలంటే కాసేపు గుండెని మొద్దుబార్చుకోవాలని కూడా అంటాడు. సినిమా హాస్యం గురించి రాసేవాళ్ళకి ఈ సూత్రం బాగా పనికొచ్చింది. కానీ 'మోడరన్ టైమ్స్' దీన్ని తలకిందులు చేసింది. చార్లీ యంత్రమైపోయిన మాట నిజమే. అతన్ని యంత్రం చేసిందెవరు? సరిచెయ్యాల్సింది అతన్నా, కన్వేయర్ వేగం పెంచమన్న యజమానినా? ఈ ప్రశ్న అడిగిన క్షణం నవ్వు దిక్కు మార్చుకుంటుంది. కిందవాడి మీదినుంచి పైవాడి మీదికి ఎక్కుతుంది. ఈ దిక్కు మార్చే శక్తే చాప్లిన్ అసలు బలమని నా అభిప్రాయం.

బస్టర్ కీటన్ దారి వేరు. 1895లో కాన్సాస్ రాష్ట్రంలో పుట్టాడు. అమ్మానాన్నలిద్దరూ ఊరూరా తిరిగే ఆటగాళ్ళు. 'త్రీ కీటన్స్' అనే వాళ్ళ ఆటలో పసివాణ్ణి తండ్రి స్టేజీ మీద అటూ ఇటూ విసిరేవాడు. పిల్లల సంరక్షణ సంఘంవాళ్ళు అడ్డుపడ్డారు కూడా. తను నవ్వకుండా ఉంటేనే జనం ఎక్కువ నవ్వుతారని కీటన్‌కి చిన్నప్పుడే అర్థమయింది. అందుకే ఆ రాతి ముఖం. చాప్లిన్ మన జాలి అడుగుతాడు, కీటన్ అడగడు. 1922 నాటి 'కాప్స్'లో ఎవరో విసిరిన బాంబు పోలీసు ఊరేగింపు మధ్య అతని బండిలో పడుతుంది. అతను దాంతో సిగరెట్టు ముట్టించుకుని అవతల పారేస్తాడు. ఇక ఊళ్ళో పోలీసులంతా ఒక్కడి వెనక పడతారు. ఏ తప్పూ ఎరగనివాడు ఒకసారి నేరస్థుడిగా కనిపించాక ఎన్ని వందల బూట్లు అతని వెంట పరిగెడతాయో ఆ సినిమా లెక్క చెప్తుంది. ఆఖర్న సమాధి రాయి మీద అతని టోపీ ఉంటుంది. అది హాస్యచిత్రం.

ఈ నవ్వుకి ఖర్చెంతో కూడా చెప్పుకోవాలి. 1924లో 'షెర్లాక్ జూనియర్' తీస్తున్నప్పుడు రైలు ఇంజన్లకి నీళ్ళు పట్టే గొట్టం కిందికి వచ్చిపడిన నీటి ధాటికి కీటన్ మెడ ఎముక చిట్లింది. ఆ సంగతి డాక్టరు ఎక్స్‌రేలో చూసింది ఎన్నో ఏళ్ళ తర్వాత. 1928 నాటి 'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్'లో ఇంటి ముందు గోడ మొత్తం అతని మీదికి కూలుతుంది. అతను నిలబడ్డ చోటికి సరిగ్గా పైఅంతస్తు కిటికీ ఖాళీ వచ్చి పడుతుంది కాబట్టి బతుకుతాడు. నిజమైన బరువున్న గోడే, కొన్ని అంగుళాల తేడాయే. 'సేఫ్టీ లాస్ట్' (1923)లో గడియారం ముల్లు పట్టుకుని వేలాడిన హెరాల్డ్ లాయిడ్‌కి అప్పటికే కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు లేవు. 1919లో ఫొటో కోసం పట్టుకున్న ఉత్తుత్తి బాంబు నిజంగా పేలింది. ఇవ్వాళ కంప్యూటరుతో కూల్చే భవనాల ముందు ఈ సినిమాలు ఎందుకు నిలుస్తున్నాయంటే, అక్కడ ఉన్నది నిజమైన ఒళ్ళు. కెమెరా కూడా దూరంగా నిలబడి తలనుంచి పాదాలదాకా మనిషిని మొత్తంగా చూపిస్తుంది. మోసం చెయ్యడానికి చోటు తక్కువ.

ఇక్కడిదాకా రాసి ఆపేస్తే మంచి వ్యాసమే అవుతుంది. కానీ ఆపకూడదు.

ఆ హాస్టల్లోనే ఇంకో వారం కీటన్ 'సెవెన్ ఛాన్సెస్' (1925) వేశాం. సాయంత్రం ఏడింటిలోపు పెళ్ళి చేసుకుంటే ఆస్తి వస్తుంది కాబట్టి కథానాయకుడు కనిపించిన ప్రతి ఆడమనిషినీ అడుగుతూ తిరుగుతాడు. ఒకచోట వెనకనుంచి ఒకామెని చూసి అడగబోతాడు. ముఖం చూస్తే ఆమె నల్లజాతి స్త్రీ. మాట్లాడకుండా వెనక్కి తిరిగి పోతాడు. అదే జోకు. చుట్టుపక్కల నాలుగైదు నవ్వులు వినిపించాయి. బూటు గురించి మాట్లాడిన ఆ పిల్లాడే ఈసారి నవ్వకుండా అడిగాడు. "ఎందుకు తిరిగిపోయాడు సార్?" నేను జవాబు చెప్పేలోపు ఇంకో పిల్లాడన్నాడు: "తెలవదారా?" ఆ తర్వాత ఆ వరసలో చాలాసేపు ఎవరూ నవ్వలేదు.

ఆ సినిమాలోనే నల్లజాతి సేవకుడి పాత్రని ముఖానికి నల్లరంగు పూసుకున్న తెల్లనటుడు వేశాడు. 'కాలేజ్' (1927)లో కీటనే రంగు పూసుకుని హోటల్లో నౌకరవుతాడు. 'ది ప్లేహౌస్' (1921)లో నల్లవాళ్ళని వెక్కిరించే మిన్‌స్ట్రెల్ ఆట మొత్తం తనే వేషాలన్నీ వేసి ఆడతాడు. గొప్పదని అందరూ మెచ్చే 'ది జనరల్' (1926)లో కథానాయకుడు అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షం, అంటే బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి పోరాడిన పక్షం. ఆ కథకి మూలమైన 1862 నాటి రైలు దాడి చేసింది ఉత్తరాది సైనికులు. కీటన్ దాన్ని తిప్పి దక్షిణాదివాణ్ణి నాయకుణ్ణి చేశాడు. రైలు ఎట్లా నడుస్తుందో ఇంచీ ఇంచీ చూపించిన ఆ సినిమాలో యుద్ధం ఎవరి బతుకు మీద జరుగుతోందనే ప్రశ్న మాత్రం రాదు.

"ఆ కాలం అట్లాంటిది" అంటారు. ఆ కాలంలోనూ నల్లవాళ్ళు ఉన్నారు గదా. వాళ్ళూ టికెట్టు కొనుక్కుని సినిమాలకి పోయారు. చాలా ఊళ్ళలో వాళ్ళని పై బాల్కనీలో విడిగా కూర్చోబెట్టేవాళ్ళు. ఆ బాల్కనీలో కూర్చుని కిందినుంచి వచ్చే నవ్వు విన్నవాడికి ఆ కాలం ఎట్లా ఉందో మనం అడగాలి. విడి గ్లాసు, విడి పంక్తి ఎరిగినవాళ్ళకి ఇది అడగడం కష్టం కాదు.

బెర్గ్‌సన్ దగ్గరికి మళ్ళీ పోదాం. నవ్వు మీద రాసిన ఆ పుస్తకంలోనే నల్లమనిషిని చూస్తే నవ్వెందుకొస్తుందని ఆయన ఒక ప్రశ్న వేసుకున్నాడు. మసి పూసుకున్న తెల్లముఖంలాగా ఊహకి తోస్తుంది కాబట్టి అని జవాబిచ్చుకున్నాడు. ఎవరి ఊహకి? ఆ "మనం"లో ఎవరున్నారు? నవ్వు గురించి అంత సూక్ష్మంగా ఆలోచించిన మనిషికి నవ్వబడేవాడు కూడా పుస్తకం చదవొచ్చన్న ఆలోచన రాలేదు. సమాజం నవ్వుతో సరిచేస్తుందన్న సూత్రం ఇక్కడ బయటపడింది. తన చర్మాన్ని ఏ మనిషీ సరిచేసుకోలేడు. సరిచేసుకోలేని దాన్ని చూసి నవ్వితే అది శిక్ష.

ఈ శిక్షని ఒంటిమీద మోసిన గొప్ప హాస్యనటుడు ఒకడున్నాడు. బర్ట్ విలియమ్స్. 1874లో బహామాస్ దీవుల్లోని నస్సావులో పుట్టాడు. జార్జ్ వాకర్‌తో కలిసి నల్లవాళ్ళ సంగీత నాటకం 'ఇన్ దహోమీ'ని 1903లో బ్రాడ్‌వేకి తెచ్చాడు. 1910 నుంచి జీగ్‌ఫెల్డ్ ఫాలీస్‌లో తెల్లవాళ్ళ సరసన ప్రధాన నటుడు. అతని రంగు చామనఛాయ. అయినా స్టేజీ ఎక్కాలంటే ముఖానికి కాల్చిన బెండు మసి పూసుకోవాల్సిందే. నల్లవాడు నల్లవాడిగా కనిపించడానికి కూడా తెల్లవాడు తయారుచేసిన నలుపే పూసుకోవాలి. ఇంతకంటే క్రూరమైన హాస్యం ఏ మూకీలోనూ లేదు.

1916లో అతను చేసిన 'ఎ నాచురల్ బోర్న్ గాంబ్లర్'లో చివర జైలు గదిలో ఒంటరిగా కూర్చుని పేకాట ఆడతాడు. పేకల్లేవు, బల్లలేదు, తోటి ఆటగాళ్ళు లేరు. ముక్కలు పంచుతాడు, చూస్తాడు, పందెం కాస్తాడు, ఎదుటివాళ్ళ ముఖాలు చదువుతాడు. అంతా వేళ్ళతో, కనుబొమలతో. తను కల్పించుకున్న ఆటలో కూడా తనే ఓడిపోతాడు. చాప్లిన్, కీటన్‌ల పక్కన ఏమాత్రం తగ్గని నటన అది. వాళ్ళకి పరిగెత్తడానికి ఊరంతా ఉంది, అతనికి గదే ఉంది. 1913లో అతను ప్రధానపాత్రగా నల్లజాతి నటులతో తీసిన ఇంకో సినిమా పూర్తికాకుండానే మూలన పడింది. ఆ రీళ్ళు న్యూయార్కులోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ గిడ్డంగిలో దశాబ్దాలు ఉండి 2014లో జనం ముందుకొచ్చాయి. 'లైమ్ కిల్న్ క్లబ్ ఫీల్డ్ డే' అని దాన్ని పిలుస్తున్నారు. అందులో నల్లజాతి జనం జాతరలో రంగులరాట్నం ఎక్కుతారు, నృత్యపు పోటీ ఆడతారు, ప్రేమించుకుంటారు. విలియమ్స్ ముఖాన మసి ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళలో చాలామందికి లేదు. వాళ్ళు మామూలుగా నవ్వుకుంటున్నారు. ఆ మామూలు నవ్వుని ప్రపంచం చూడ్డానికి నూటొక్క ఏళ్ళు పట్టింది. విలియమ్స్ 1922లోనే చనిపోయాడు.

మరి ఈ సినిమాల్ని ఏం చెయ్యాలి? కీటన్‌ని పాతరెయ్యాలని నేననను. కూలిన గోడ కిటికీలోంచి కదలకుండా బయటపడ్డ ఆ మనిషి మన పిల్లలకి కూడా కావాలి. అట్లాగని "కళ వేరు, రంగు వేరు" అని చూసీ చూడనట్టు పోవడమూ కుదరదు. ఒకే దేహహాస్యం ఒక చేత్తో పోలీసు టోపీ ఎగరగొట్టింది, రెండో చేత్తో నల్ల ముఖానికి మసి పూసింది. టీచర్లు ఈ సినిమాలు వేసేటప్పుడు రెండు చేతులూ చూపించాలి. చాప్లిన్ వేసిన వారం విలియమ్స్ కూడా వెయ్యాలి. అతని పేకాట అయిదు నిమిషాలు కూడా పట్టదు.

ఈ హాస్యం ఎందుకు నిలిచిందన్న మొదటి ప్రశ్నకి నాకు తోచిన జవాబు ఇది. శరీరం అందరికీ ఒకటే అయినందువల్ల నిలవలేదు. ఆకలి, ఫోర్‌మన్ కేక, లాఠీ, చాలీచాలని కూలి ఇంకా పోలేదు కాబట్టి నిలిచింది. వాటి మధ్య పడ్డవాడు లేవడం ఎక్కడ కనిపించినా మనకి ఊపిరాడుతుంది. ఆ నవ్వు మనది. ఎవణ్ణో లేవకుండా తొక్కి నవ్వే నవ్వు మనది కాదు. రెండింటికీ తేడా చెప్పడానికి పుస్తకాలు పెద్దగా అక్కర్లేదు. "ఎందుకు తిరిగిపోయాడు సార్?" అని ఆ పిల్లాడు అడిగాడు. ఆ రోజు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. వచ్చే నెల మళ్ళీ అదే హాస్టల్లో విలియమ్స్ పేకాట వేస్తున్నాం. జవాబు అక్కణ్ణించి మొదలుపెడదామనుకుంటున్నాను.